క్వాడ్ బైక్ ఎక్కేముందు: నడిపే తీరు, బండి సంరక్షణ, పిల్లల భద్రత

గల్ఫ్‌లో చలికాలం వచ్చిందంటే సెలవు రోజుల్లో ఎడారికి జనం కదులుతారు. దుబాయ్ దగ్గర లహ్‌బాబ్ ఎర్ర ఇసుక దిబ్బలు, షార్జాలోని అల్ బదాయర్, రియాద్ పక్కన తుమామా, దమ్మామ్, ఖోబర్ వాళ్లు వెళ్లే హాఫ్ మూన్ బే వంటి చోట్ల నాలుగు చక్రాల చిన్న బండ్లు వరసగా అద్దెకు నిలబెట్టి ఉంటాయి. అరగంటకు ఇంత, గంటకు ఇంత అని రేటు. ఈద్ సెలవులకు విజిట్ వీసాపై వెళ్లిన కుటుంబాలు కూడా వీటిని సరదాగా ఎక్కేస్తుంటాయి. మన హైదరాబాద్ చుట్టుపక్కల రిసార్టుల్లో, అడ్వెంచర్ పార్కుల్లో కూడా ఇవి కనిపిస్తున్నాయి. గల్ఫ్‌లో తోటల్లో, ఒంటెల షెడ్లలో పనిచేసే మనవాళ్లలో కొందరికైతే ఇది సరదా కాదు, రోజువారీ పని బండి.

దీన్ని క్వాడ్ బైక్ అంటారు, ఏటీవీ అని కూడా అంటారు. చూడగానే చాలామందికి వచ్చే ఆలోచన ఒకటే: "నాలుగు చక్రాలున్నాయి కదా, స్కూటర్‌లా పడిపోదులే." ప్రమాదాలు మొదలయ్యేది ఈ ధీమా దగ్గరే. క్వాడ్ బైక్ కారు కాదు, స్కూటర్ కూడా కాదు. నడిపే మనిషి తన ఒంటి బరువును అటూ ఇటూ మారుస్తూ నిలబెట్టుకోవాల్సిన బండి ఇది. ఈ ఒక్క సంగతి అర్థమైతే కింద చెప్పే జాగ్రత్తలన్నీ వాటంతటవే అర్థమవుతాయి.

ఈ బండి ఎక్కడి నుంచి వచ్చింది

1970లో హోండా కంపెనీ అమెరికా మార్కెట్లో యూఎస్ 90 అనే బండిని దించింది. దానికి మూడు చక్రాలు, బెలూన్ల లాంటి లావాటి మెత్తని టైర్లు. మంచు, ఇసుక, బురద దేనిమీదైనా వెళ్లేది. ఆ తర్వాత మిగతా కంపెనీలు కూడా ఇలాంటివి తెచ్చాయి. సరదా బండిగా మొదలైంది పొలాలకూ చేరింది. దాంతోపాటే తిరగబడి చనిపోయినవాళ్ల సంఖ్యా పెరిగింది. చివరికి 1988లో అమెరికా ప్రభుత్వానికీ, కంపెనీలకూ మధ్య కోర్టు ద్వారా ఒప్పందం కుదిరి, కొత్త మూడు చక్రాల బండ్ల అమ్మకం అక్కడ ఆగిపోయింది. కొన్నవాళ్లకు శిక్షణ ఇవ్వాలని, బండి మీద హెచ్చరిక స్టిక్కర్లు అంటించాలని కూడా అందులో ఉంది.

నాలుగు చక్రాల బండ్లు 1980ల మొదట్లోనే వచ్చాయి. మూడు చక్రాల వాటికంటే ఇవి నయమే గానీ, ప్రమాదం తీరిపోలేదు. ఆస్ట్రేలియాలో పొలాల్లో జరిగే మరణాలకు క్వాడ్ బైక్ ఒక ముఖ్య కారణంగా మారింది. అందుకే 2021 అక్టోబర్ నుంచి అక్కడ అమ్మే పొలం పనుల క్వాడ్ బైకులకు, బండి తిరగబడినా మనిషి పూర్తిగా నలిగిపోకుండా అడ్డుపడే ఇనుప కమ్మీ లాంటి రక్షణ ఉండాలని రూలు పెట్టారు. గల్ఫ్‌లో, మన దేశంలో అద్దెకు దొరికే బండ్లపై ఇలాంటిది సాధారణంగా కనిపించదు.

ఎందుకు తిరగబడుతుంది

పెద్దవాళ్లు నడిపే క్వాడ్ బైక్ బరువు సుమారు 200 నుంచి 350 కిలోలు. వెడల్పు తక్కువ. ఇసుకలో, రాళ్లలో పొట్ట తగలకుండా ఎత్తుగా తయారుచేస్తారు. దాని మీద మనిషి ఇంకా ఎత్తులో కూర్చుంటాడు. బరువంతా పైన, ఆధారం కింద ఇరుకుగా ఉన్న వస్తువు ఏదైనా తేలిగ్గా ఒరిగిపోతుంది. ఒక పక్క చక్రం రాయి ఎక్కినా, వేగంగా మలుపు తిప్పినా, ఏటవాలులో అడ్డంగా వెళ్లినా ఇదే జరుగుతుంది.

స్కూటర్ పడితే మనిషి పక్కకు పడతాడు. క్వాడ్ బైక్ తిరగబడితే చాలాసార్లు మనిషి మీదే పడుతుంది. ఛాతీ మీద అంత బరువు ఉంటే ఎముక విరగకపోయినా ఊపిరి ఆడక ప్రాణం పోవచ్చు. ఒంటరిగా వెళ్లినవాళ్ల విషయంలో ఇదే పెద్ద ప్రమాదం, బండి లేపేవాళ్లు ఉండరు.

కారులో మలుపు తిరిగేటప్పుడు లోపలి చక్రం నెమ్మదిగా, బయటి చక్రం వేగంగా తిరిగే ఏర్పాటు ఉంటుంది. చాలా క్వాడ్ బైకుల్లో వెనక రెండు చక్రాలూ ఒకే ఇరుసుకు బిగించి ఉంటాయి, రెండూ ఒకే వేగంతో తిరుగుతాయి. ఇసుకలో చక్రం కాస్త జారుతుంది కాబట్టి ఇబ్బంది ఉండదు. తారు రోడ్డు మీద ఆ మెత్తని టైరు గట్టిగా పట్టేస్తుంది. హ్యాండిల్ తిప్పినా బండి నిటారుగానే వెళ్తుంది, లేదా ఒక్కసారిగా పట్టు దొరికి ఎత్తేస్తుంది. అందుకే క్వాడ్ బైక్‌కు తారు రోడ్డు పనికిరాదు. యూఏఈలో వీటిని మామూలు రోడ్ల మీదకు తెస్తే జరిమానా వేసి బండి పట్టుకుపోతారు. "క్యాంపు నుంచి దుకాణం దాకానే కదా" అని రోడ్డెక్కడం అసలు వద్దు.

ఒక బండి, ఒక్క మనిషి

క్వాడ్ బైక్ సీటు పొడుగ్గా ఉంటుంది. అది చూసి ఇద్దరికి, ముగ్గురికి అనుకుంటారు. చాచా ముందు కూర్చుని నడుపుతుంటే వెనకాల ఒకరు, ముందు ట్యాంకు మీద ఒకరు పిల్లలు కూర్చున్న ఫొటోలు ప్రతి ఈద్‌కూ ఫోన్లలో తిరుగుతాయి. నిజానికి ఆ సీటు పొడవు రెండో మనిషి కోసం కాదు. ఎత్తు ఎక్కేటప్పుడు ముందుకు, దిగేటప్పుడు వెనక్కి జరగడానికి నడిపేవాడికి చోటు కావాలి. వెనకాల ఇంకొకరు కూర్చుంటే ఆ చోటు పోతుంది. పైగా వెనక బరువు పెరిగి ఎత్తు మీద బండి ముందు చక్రాలు లేచి వెనక్కి తిరగబడుతుంది. పసిపిల్లను ఒడిలో పెట్టుకుంటే హ్యాండిల్ పూర్తిగా తిప్పడానికే కుదరదు.

రెండు సీట్ల కోసమే తయారైన మోడళ్లు కొన్ని ఉన్నాయి. వాటికి వెనకాల వీపు ఆన్చుకునే సీటు, పట్టుకోవడానికి పిడులు, కాళ్లు పెట్టుకోవడానికి చోటు వేరుగా ఉంటాయి. బండి మీద ఉన్న స్టిక్కర్ ఎంతమందిని ఎక్కించవచ్చో స్పష్టంగా చెబుతుంది. అద్దెకిచ్చేవాడు "పర్లేదు భాయ్, కూర్చోబెట్టుకో" అన్నా నమ్మాల్సింది స్టిక్కర్‌నే. కుటుంబమంతా కలిసి తిరగాలనుకుంటే కారులా స్టీరింగు, సీటు బెల్టులు, పైన ఇనుప కమ్మీల చట్రం ఉండే బగ్గీలు కూడా చాలా చోట్ల దొరుకుతాయి. బెల్టు పెట్టుకుంటే, పిల్లల పాదాలు నేలకు ఆనేంత ఎత్తు ఉంటే, అవే మేలు.

పిల్లల సంగతి

అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం 16 ఏళ్ల లోపు పిల్లలు ఏటీవీ నడపకూడదని, ఎక్కకూడదని ఎన్నో ఏళ్లుగా చెబుతోంది. అక్కడ ఈ బండ్ల వల్ల ఆసుపత్రుల అత్యవసర విభాగాలకు వచ్చేవారిలో సుమారు నాలుగో వంతు 16 ఏళ్ల లోపువారే. కారణం ధైర్యం లేకపోవడం కాదు. పిల్లల ఒంటి బరువు బండిని అదుపు చేయడానికి చాలదు, చేతి వేళ్లకు బ్రేకు పూర్తిగా అందదు, ఎదుట ఏముందో చూసి వేగం తగ్గించాలనే అంచనా ఇంకా వచ్చి ఉండదు.

వయసుకు తగ్గట్టు చిన్న ఇంజిన్ బండ్లను కంపెనీలు తయారుచేస్తాయి. ఏ వయసు వారికో బండి మీదే రాసి ఉంటుంది. పెద్దవాళ్ల బండి అంటే 16 ఏళ్లు, ఆపైన. 12 ఏళ్ల అబ్బాయి పొడుగ్గా ఉన్నాడని 250 సీసీ బండి ఇవ్వడం, అతనికి కారు తాళాలు ఇవ్వడం లాంటిదే. పిల్లలకు తగిన చిన్న బండి ఇచ్చినా మూడు షరతులు ఉండాలి: చుట్టూ కంచె ఉన్న చదునైన ట్రాక్, వేగం పెరగకుండా బిగించిన లిమిటర్, పెద్దవాళ్లు ఎప్పుడూ కళ్ల ముందే ఉండటం. కొన్ని పిల్లల బండ్లకు తాడు ఉంటుంది. పెద్దవాళ్లు వెనకాల నడుస్తూ ఆ తాడు లాగితే ఇంజిన్ ఆగిపోతుంది. అలాంటిది అడిగి తీసుకోవాలి.

బండి ఎక్కని పిల్లలకూ ప్రమాదం ఉంది. ఎడారిలో చాప పరుచుకుని కూర్చున్న కుటుంబం పక్కనుంచే క్వాడ్ బైకులు దూసుకుపోతుంటాయి. ఇసుక దిబ్బ అవతల నుంచి వచ్చేవాడికి ఇవతల కూర్చున్నవాళ్లు కనిపించరు. కాబట్టి దిబ్బ వాలు కింద కూర్చోకూడదు. బండ్లు తిరిగే దారికి దూరంగా, తమ కార్లను అడ్డంగా నిలిపి ఆ వెనకాల కూర్చుంటే నయం.

ఒంటి మీద ఏముండాలి

హెల్మెట్ లేకుండా బండి స్టార్ట్ చేయకూడదు. అద్దె చోట్ల ఇచ్చే హెల్మెట్లు వదులుగా, పట్టీ తెగి ఉంటాయి. గడ్డం కింద పట్టీ బిగించాక తల ఊపితే హెల్మెట్ తలతో పాటే కదలాలి, విడిగా తిరగకూడదు. సరిపోయేది లేకపోతే ఆ బండి వదిలేయడమే మంచిది. ఇసుకలో కళ్లద్దాలు తప్పనిసరి. కళ్లలో ఇసుక పడిన ఒక్క క్షణంలో బండి ఎటో వెళ్లిపోతుంది. చీలమండ కప్పే బూట్లు, గ్లవ్స్, పొడుగు చేతుల చొక్కా, గట్టి ప్యాంటు ఉండాలి. చెప్పులతో అసలు ఎక్కకూడదు. సైలెన్సర్ కాలికి దగ్గరలోనే ఉంటుంది, తగిలితే చర్మం ఊడి వస్తుంది.

మన కుటుంబాలు ప్రత్యేకంగా గుర్తుంచుకోవాల్సింది దుస్తుల సంగతి. దుపట్టా, వదులైన హిజాబ్ కొంగు, అబాయా అంచు, మగవాళ్ల తోబ్ లేదా లుంగీ... ఇవన్నీ గాలికి ఎగిరి వెనక చక్రంలో, చైన్‌లో, తిరిగే ఇరుసులో చుట్టుకోవచ్చు. మెడకు చుట్టిన గుడ్డ చక్రంలో పడితే క్షణంలో మెడ బిగుసుకుపోతుంది. మన రోడ్ల మీద బైకు చక్రంలో దుపట్టా చిక్కుకుని జరిగే ప్రమాదాలు తెలిసినవే. క్వాడ్ బైక్‌కు చాలావరకు చీరగార్డు లాంటి అడ్డం కూడా ఉండదు.

పర్దా పాటించే ఆడవాళ్లకు ఇది కష్టమైన విషయం కాదు. తలకు హత్తుకునే పల్చటి, ఒక్క పొర స్పోర్ట్స్ హిజాబ్ లేదా టోపీ లాంటి ఇన్నర్ వేసుకుని దాని మీద హెల్మెట్ పెట్టుకోవచ్చు. పిన్నులు తీసేయాలి, దెబ్బ తగిలితే అవే గుచ్చుకుంటాయి. వెనక పెద్ద ముడి ఉంటే హెల్మెట్ సరిగా కూర్చోదు. కొంగులన్నీ జాకెట్ లోపలికి దోపి జిప్పు వేయాలి. అబాయా బదులు మోకాళ్ల దాకా ఉండే వదులైన జాకెట్, కింద బిగుతు అంచుల ప్యాంటు వేసుకుంటే ఒళ్లూ కప్పుతుంది, చక్రానికీ అందదు. ఇవి ముందే తెలిస్తే ఇంటి నుంచే తయారై వెళ్లవచ్చు.

అద్దెకు తీసుకునే ముందు 5 నిమిషాలు

డబ్బు ఇవ్వకముందే బండి చుట్టూ ఒకసారి తిరిగి చూడాలి.

టైర్లు: రెండు పక్కలా గాలి సమానంగా ఉందా, కోతలు, ఉబ్బులు ఉన్నాయా. చక్రం నట్లు అన్నీ ఉన్నాయా. చక్రాన్ని పట్టుకుని ఊపితే టకటక కదలకూడదు.

థ్రాటిల్: దీన్ని కుడి చేతి బొటనవేలితో నొక్కుతారు. ఇంజిన్ ఆపి ఉండగానే నొక్కి వదిలితే టక్కున వెనక్కి రావాలి. హ్యాండిల్ పూర్తిగా ఎడమకు, తర్వాత పూర్తిగా కుడికి తిప్పి కూడా ఇలాగే చూడాలి. ఇసుక చేరి థ్రాటిల్ ఇరుక్కుపోయే బండి అసలు వద్దు.

బ్రేకులు: ముందు, వెనక బ్రేకులు రెండూ నొక్కి బండిని తోసి చూడాలి. పార్కింగ్ బ్రేకు పట్టాలి.

ఆపే స్విచ్: హ్యాండిల్ మీద ఎర్ర స్విచ్ ఉంటుంది. స్టార్ట్ చేసి, దాన్ని నొక్కి ఇంజిన్ ఆగుతుందో లేదో చూసుకోవాలి. మణికట్టుకు కట్టుకునే తాడు ఉంటే తప్పక కట్టుకోవాలి. మనిషి పడిపోతే అది ఊడి ఇంజిన్ ఆగుతుంది.

చైన్, కింది భాగం: చైన్ వేలాడకూడదు, పెట్రోలు గానీ ఆయిల్ గానీ కారకూడదు.

బండి మీద ముందే ఉన్న గీతలు, సొట్టలు ఫోన్‌లో ఫొటో తీసుకుంటే తర్వాత గొడవ ఉండదు. ఒరిజినల్ పాస్‌పోర్టు తాకట్టుగా ఇవ్వకూడదు. సంతకం చేసే కాగితంలో ఏముందో చదివించుకోవాలి. ట్రావెల్ ఇన్సూరెన్స్ చాలా పాలసీల్లో క్వాడ్ బైక్ ప్రమాదాలకు వర్తించదు, వర్తిస్తుందో లేదో ముందే అడిగి తెలుసుకోవాలి.

నడిపే తీరు

మొదటి పది నిమిషాలు చదును నేల మీద నెమ్మదిగా తిరిగి, బ్రేకు ఎంత నొక్కితే ఎక్కడ ఆగుతుందో అలవాటు చేసుకోవాలి. రెండు చేతులూ హ్యాండిల్ మీద, రెండు కాళ్లూ ఫుట్‌రెస్ట్ మీద ఎప్పుడూ ఉండాలి. స్కూటర్ అలవాటున్నవాళ్లు బండి ఒరిగితే కాలు కింద పెడతారు. ఇక్కడ ఆ పని చేస్తే వెనక చక్రం ఆ కాలి మీదికే ఎక్కుతుంది.

మలుపు: ముందుగానే వేగం తగ్గించాలి. ఒంటిని మలుపు లోపలి వైపుకు, కాస్త ముందుకు వంచాలి. బండి బయటికి ఒరగాలని చూస్తుంది, మన బరువు దాన్ని లోపలికి పట్టి ఉంచుతుంది.

ఎత్తు ఎక్కడం: నిటారుగా ఎక్కాలి, అడ్డంగా కాదు. సీటు మీద ముందుకు జరిగి హ్యాండిల్ మీదికి వంగాలి. మధ్యలో ఒక్కసారిగా థ్రాటిల్ పెంచితే ముందు చక్రాలు లేస్తాయి. ఇంజిన్ ఆగిపోతే కంగారుపడి వెనక్కి తిప్పడానికి ప్రయత్నించకూడదు. బరువు ముందుకే ఉంచి బ్రేకు పట్టి, పార్కింగ్ బ్రేకు వేసి, దిగి సాయం పిలవాలి. బండి వెనక్కి జారడం మొదలైతే ముందు బ్రేకుతో నెమ్మదిగా ఆపాలి. వెనక బ్రేకు గట్టిగా తొక్కితే వెనక్కి తిరగబడుతుంది.

దిగడం: తక్కువ గేరులో, వెనక్కి జరిగి కూర్చుని, నిటారుగా, నెమ్మదిగా దిగాలి. న్యూట్రల్‌లో వేసి జారవిడవకూడదు.

పక్క వాలు: ఏటవాలులో అడ్డంగా వెళ్లడం అన్నింటికంటే ప్రమాదం. తప్పనిసరైతే ఒంటిని ఎత్తు వైపుకు వంచి, నెమ్మదిగా వెళ్లాలి. బండి ఒరిగిపోతుందని తెలిసిన క్షణంలో ఎత్తు వైపుకు దిగిపోవాలి. బండిని కాపాడాలని పట్టుకుని వేలాడకూడదు.

ఇసుక దిబ్బ: గాలి వచ్చే వైపు దిబ్బ మెల్లగా లేస్తుంది, అవతలి వైపు ఒక్కసారిగా తెగ్గోసినట్టు పడిపోతుంది. పైన అంచు దాటే దాకా ఆ సంగతి కనిపించదు. అవతల ఏముందో తెలియకుండా అంచు దాటకూడదు, ఎగిరి దూకడం అంతకన్నా వద్దు. గైడు వెళ్లిన జాడలోనే, ముందు బండికి దూరం పాటిస్తూ వెళ్లాలి. బండి వెనక పొడుగు కర్రకు కట్టిన ఎర్ర జెండా ఉంటే దిబ్బ అవతలివాళ్లకు మన రాక తెలుస్తుంది. మధ్యాహ్నం ఎండ తల మీద ఉన్నప్పుడు నీడలు పడక గుంటలు కనిపించవు. మగ్రిబ్ దాటి చీకటి పడ్డాక టెంటు తాళ్లు, కంచె తీగలు కనిపించవు. ఉదయం గానీ అసర్ తర్వాత గానీ అయితే కాస్త నయం. నీళ్ల సీసా వెంట ఉండాలి. ఎండ దెబ్బకు తల తిరిగితే అక్కడే ఆపేయాలి.

పని కోసం నడిపేవాళ్లకు

తోటలో, ఒంటెల దగ్గర పనిచేసేవాళ్లు దీని మీద మేత, నీళ్లు, మందు కొట్టే ట్యాంకు మోస్తుంటారు. ముందు, వెనక క్యారియర్ల మీద ఎన్ని కిలోలు పెట్టవచ్చో స్టిక్కర్ మీద ఉంటుంది. బరువు కిందకు ఉండేలా కట్టాలి. సగం నిండిన ట్యాంకులో నీళ్లు మలుపులో ఒక పక్కకు పోయి బండిని లాగేస్తాయి. దేన్నైనా లాగాలంటే వెనక కింద ఉన్న హుక్కుకే కట్టాలి. క్యారియర్‌కు గానీ ఇరుసుకు గానీ తాడు కడితే బండి వెనక్కి లేచిపోతుంది. ఒంటరిగా దూరం వెళ్లేటప్పుడు ఎటు వెళ్తున్నదీ, ఎప్పటికి వచ్చేదీ ఒకరికి చెప్పి, ఫోన్ జేబులో పెట్టుకుని వెళ్లాలి. హెల్మెట్ ఇవ్వమని యజమానిని అడగడానికి మొహమాటపడకూడదు.

పికప్‌లోకి ఎక్కించేటప్పుడు కూడా బండ్లు తిరగబడుతుంటాయి. పికప్‌కు కట్టి బిగించిన, వెడల్పాటి ర్యాంపు కావాలి. రెండు చెక్క పలకలు ఆనించి ఎక్కించడం ప్రాణాలతో ఆట.

బండి సంరక్షణ

గాలి: క్వాడ్ బైక్ టైరులో గాలి చాలా తక్కువ, చాలా మోడళ్లలో 3 నుంచి 7 పీఎస్ఐ మధ్య. మోటార్ సైకిల్‌లో దానికి ఐదారు రెట్లు ఉంటుంది. పెట్రోలు బంకు మెషీన్ మీటర్ ఇంత తక్కువ గాలిని సరిగా చూపించదు, తొందరలో ఎక్కువ కొడితే టైరు పగిలిపోవచ్చు. తక్కువ గాలి కొలిచే చిన్న మీటరు కొనుక్కుని చేతి పంపుతో కొట్టుకోవాలి. గాలి ఎక్కువైతే బండి బంతిలా ఎగురుతుంది, తక్కువైతే రిమ్ము దెబ్బతింటుంది, రెండు పక్కలా తేడా ఉంటే ఒకవైపు లాగుతుంది.

ఎయిర్ ఫిల్టర్: ఇసుక నేలలో ఇంజిన్‌ను తినేసేది దుమ్మే. స్పాంజి ఫిల్టరును దుమ్ములో తిరిగిన ప్రతిసారీ తీసి చూడాలి. సబ్బు నీళ్లతో కడిగి, మెలిపెట్టకుండా నొక్కి పిండి, నీడలో ఆరబెట్టి, ఫిల్టర్ ఆయిల్ పట్టించి బిగించాలి. పెట్రోలుతో కడగకూడదు, నిప్పు భయం, పైగా స్పాంజి పాడవుతుంది. కాగితం ఫిల్టరు అయితే కడగరు, మార్చేస్తారు.

ఇంజిన్ ఆయిల్: బండిని చదునుగా నిలిపి డిప్ స్టిక్ చూడాలి. కొత్త బండికి మొదటి ఆయిల్ త్వరగా మార్చాలి. తర్వాత ఎన్ని గంటలకో బండితో వచ్చిన పుస్తకంలో ఉంటుంది, దుమ్ములో తిరిగే బండికి అంతకంటే ముందే మార్చాలి. క్లచ్ ఆయిల్‌లో మునిగి ఉండే మోడళ్లకు కారు ఆయిల్ పోస్తే క్లచ్ జారిపోతుంది. వాటికి మోటార్ సైకిల్ ఆయిలే పోయాలి.

చైన్, నట్లు: చైన్ శుభ్రం చేసి ఆయిల్ పెట్టాలి, బిగువు సరిచూడాలి. కుదుపులకు నట్లు, బోల్టులు వదులవుతాయి. చక్రాలవీ, హ్యాండిల్ కింది రాడ్లవీ వారానికోసారి చూడాలి.

పెట్రోలు: ఇంజిన్ చల్లబడ్డాకే పోయాలి. డబ్బాలో పట్టించుకునేటప్పుడు డబ్బాను నేల మీద పెట్టాలి. పికప్ వెనక ప్లాస్టిక్ షీటు మీద ఉంచి నింపితే స్టాటిక్ కరెంటు వల్ల నిప్పు రవ్వ పుట్టవచ్చు. దగ్గరలో సిగరెట్, ఫొటోల కోసం వెలిగించిన మంట ఏదీ ఉండకూడదు. టెంటు లోపల, మూసిన గదిలో ఇంజిన్ నడపకూడదు. ఆ పొగలోని విషవాయువుకు వాసన ఉండదు, మనిషి తెలియకుండానే స్పృహ కోల్పోతాడు.

కడగడం: ప్రెషర్ నీళ్లు నేరుగా బేరింగులు, రేడియేటర్ మీద కొట్టకూడదు. కడిగాక, నీళ్లలోంచి వచ్చాక బ్రేకులు తడిసి పట్టవు. నెమ్మదిగా నడుపుతూ మెల్లగా బ్రేకు నొక్కి ఆరబెట్టాలి. సముద్రం ఒడ్డున నడిపితే అదే రోజు మంచి నీళ్లతో కడగాలి, ఉప్పు ఇనుమును తినేస్తుంది.

ప్రమాదం జరిగితే

ముందు ఇంజిన్ ఆపాలి. మనిషి బండి కింద ఉంటే నలుగురైదుగురు కలిసి బండిని నేరుగా పైకి ఎత్తాలి, మనిషిని లాగకూడదు. మెడ, వెన్ను దెబ్బ ఉందేమోనని అనుమానం ఉంటే కదిలించకుండా అంబులెన్సు పిలవాలి. ఊపిరి ఆడుతుంటే హెల్మెట్ తీయకూడదు. రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డతో గట్టిగా నొక్కి పట్టాలి. సైలెన్సర్ కాల్చితే 20 నిమిషాలు మామూలు చల్లని నీళ్లు ధారగా పోయాలి. టూత్‌పేస్టు, పసుపు, ఇంకు పూయకూడదు.

తలకు దెబ్బ తగిలినవాళ్లు లేచి నవ్వినా ఊరుకోకూడదు. వాంతి, మత్తు, తలనొప్పి, మాట తడబడటం కనిపిస్తే వెంటనే ఆసుపత్రి. పిల్లల పొట్టకు హ్యాండిల్ గుచ్చుకుంటే పైకి చిన్న కమిలిన మచ్చే కనిపిస్తుంది, లోపల కాలేయం, ప్లీహం చిరిగి రక్తం కారుతూ ఉండవచ్చు. పొట్టలో నొప్పి అంటే ఆ రోజే డాక్టరుకు చూపించాలి.

ఫోన్ నంబర్లు ముందే రాసి పెట్టుకోవాలి. యూఏఈలో పోలీసు 999, అంబులెన్సు 998. సౌదీలో రెడ్ క్రెసెంట్ 997, రియాద్, మక్కా, తూర్పు ప్రాంతాల్లో 911. ఖతర్, బహ్రెయిన్ 999, కువైట్ 112, ఒమాన్ 9999. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలో 108 లేదా 112. ఎడారిలో చిరునామా చెప్పలేం కాబట్టి దిగగానే ఫోన్‌లో లొకేషన్ తెరిచి, ఇంట్లో ఒకరికి పంపి ఉంచడం మంచి అలవాటు.

సరదాకు వెళ్లే కుటుంబం అద్దె కౌంటర్ దగ్గర నిలబడే ముందే కారులోనే మూడు మాటలు తేల్చుకోవాలి: బండికి ఒక్కరే, హెల్మెట్ లేకుండా ఎవరూ ఎక్కరు, 16 ఏళ్ల లోపువారు పెద్దవాళ్ల బండి ముట్టుకోరు. కౌంటర్ దగ్గర పిల్లలు మారాం చేస్తున్నప్పుడు, వెనక లైను తోస్తున్నప్పుడు ఈ నిర్ణయం తీసుకోవడం కష్టం. ముందే అనుకుని వెళ్తే కాదనడం తేలిక.